మిక్సీ కింద కాటా పీట: తూకం చూసి ఫోన్‌కి చెప్పే మిక్సీని ఇంట్లోనే చేసుకోవడం ఎలా

ఇడ్లీకి పప్పు రుబ్బేటప్పుడు నీళ్లు ఎన్ని పొయ్యాలమ్మా అని అడిగితే మా అమ్మ "పిండి అడిగినన్ని పొయ్యరా" అనేది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. జార్‌లో బ్లేడు చప్పుడు మారగానే ఆవిడకి తెలిసిపోతుంది. నాకు తెలియదు. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి సొంతంగా వండుకోవడం మొదలుపెట్టాక నా పిండి ఒక వారం జారుగా వచ్చేది, ఇంకో వారం బ్లేడు చుట్టూ బిగుసుకుపోయి మోటార్ మాడు వాసన వచ్చేది. వంటింటి కాటా ఒకటి కొన్నాను. అది పప్పుకీ రవ్వకీ పనికొచ్చింది కానీ అసలు చిక్కు నీళ్ల దగ్గర ఉంది, ఎందుకంటే నీళ్లు ఒకేసారి పొయ్యం, మూత తీసి కొంచెం, తిప్పి చూసి ఇంకొంచెం, అలా ఐదారు సార్లు పోస్తాం, ఆ మొత్తం ఎంతయిందో ఎవరూ లెక్కపెట్టరు. అదే మిక్సీయే తూకం వేస్తుంటే ఆ లెక్క దానంతట అదే వచ్చేస్తుంది కదా. అలా మొదలైంది ఈ కాటా పీట. ఎలా చేయాలో, ఎక్కడ దెబ్బతిన్నానో, మీరు చేసుకునేటప్పుడు ఎక్కడ జాగ్రత్తపడాలో అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. మిక్సీని విప్పి, జార్ కూర్చునే చోట కాటా పెట్టడం ఒక దారి. మిక్సీని ముట్టుకోకుండా, మొత్తం మిక్సీని ఒక పీట మీద నిలబెట్టి, ఆ పీటకి కాటా పెట్టడం రెండో దారి. మొదటిది వినడానికి బాగుంటుంది కానీ జార్ అడుగున ఉన్న కప్లర్ (మోటార్ తిప్పుడుని బ్లేడుకి అందించే పళ్ల ముక్క) మోటార్ కప్లర్‌లో కూర్చుంటుంది, జార్ బరువులో కొంత దాని మీద పడుతుంది, ఎంత పడుతుందో ఒకసారికీ ఇంకోసారికీ పొంతన ఉండదు. పైగా లోపల 230 వోల్టులు. కాబట్టి పీటే మేలని నా గట్టి అభిప్రాయం. బయటి దేశాల్లో బాగా అమ్ముడయ్యే థర్మోమిక్స్‌లో కూడా కాటా యంత్రం పాదాల్లోనే ఉంటుంది, మొత్తం యంత్రాన్నే తూస్తుంది. పీట అయితే ఇంకో లాభం ఉంది, మిక్సీ మారినా పీట మారక్కర్లేదు. డాలస్‌లో ఉన్న మా అక్కకి ఇలాంటిదే చేసిచ్చాను, వాళ్లింట్లో 110 వోల్టుల మిక్సీ, అయినా పీట ఫోన్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టుల మీద నడుస్తుంది కాబట్టి ఏ తేడా లేదు.

ఇంకో రెండు నియమాలు కూడా ఇప్పుడే పెట్టుకోండి, తర్వాత పెట్టుకుందాంలే అంటే కుదరదు. ఒకటి, మోటార్ తిరుగుతున్నప్పుడు తూకం చూపించకూడదు. రెండు, ఫోన్ నుంచి మిక్సీ ఆన్ అవ్వకూడదు. ఎన్ని సౌకర్యాలు ఊరించినా సరే అవ్వకూడదు. జార్ అంచుకి అంటుకున్న పచ్చడిని చెంచాతో కిందికి తోస్తాం, ఒక్కోసారి చెంచా చాలక వేలే పెడతాం. ఆ వేలు లోపల ఉన్నప్పుడు పక్క గదిలో పిల్లవాడు ఫోన్ మీద ఏదో నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. ఖాళీగా తిరిగేటప్పుడు మిక్సీ మోటార్ నిమిషానికి 18 వేల చుట్ల పైన తిరుగుతుంది, చెయ్యి వెనక్కి తీసుకునే టైమ్ ఉండదు. ఫోన్‌కి బరువు వెళ్లాలి, ఫోన్ నుంచి మిక్సీకి ఏదీ రాకూడదు. మిక్సీ స్విచ్ మిక్సీ మీదే ఉండాలి, దాన్ని తిప్పేది మనిషి చెయ్యే అయ్యుండాలి.

కావలసినవి

10 కిలోల లోడ్ సెల్ ఒకటి. ఇది బొటనవేలంత మందం, చూపుడువేలంత పొడవు ఉండే అల్యూమినియం కడ్డీ, మధ్యలో రంధ్రం, పైన తెల్లటి గమ్ పూసి నాలుగు సన్నని వైర్లు బయటికి వస్తాయి. బరువు పడితే కడ్డీ కంటికి కనపడనంత వంగుతుంది, దాని మీద అతికించిన స్ట్రెయిన్ గేజ్‌ల నిరోధం ఆ వంపుకి తగ్గట్టు మారుతుంది. ఆ మార్పుని చదవడానికి హెచ్‌ఎక్స్711 అనే చిన్న బోర్డు, దాన్నుంచి అంకె తీసుకుని ఫోన్‌కి పంపడానికి ఈఎస్‌పీ32 బోర్డు, చిన్న ఓఎల్‌ఈడీ తెర, పెద్ద బటన్ ఒకటి, కదలిక కనిపెట్టే ఎంపీయూ6050 బోర్డు. 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్కలు రెండు, మిక్సీ అడుగు కన్నా అన్ని వైపులా రెండు అంగుళాలు ఎక్కువ ఉండేలా కోయించుకోండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లన్నీ ఒక్క గంటలో దొరుకుతాయి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు.

బాత్‌రూమ్ కాటాల్లో వాడే 50 కిలోల సెల్స్ నాలుగు కలిపి వాడమని చాలామంది చెబుతారు. వద్దు. నాలుగూ కలిస్తే 200 కిలోల కాటా అవుతుంది, దాంతో ఒక్క గ్రాము పట్టుకోవడం కష్టం. మన లెక్క చూడండి: మిక్సీ నాలుగు కిలోలు, స్టీల్ జార్ సుమారు కిలో, లోపల పిండి మహా అయితే కిలోన్నర. ఏడు కిలోల లోపే. 10 కిలోల సెల్ సరిగ్గా సరిపోతుంది.

ఇక్కడ ఒక అంకె మనసులో పెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత తీసుకునే జాగ్రత్తలన్నీ దాన్ని బట్టే. ఈ సెల్స్‌లో చాలావాటి సున్నితత్వం, మనం ఇచ్చే ఒక్కో వోల్టుకి 1 మిల్లీవోల్టు. 3 వోల్టులు ఇస్తే పూర్తి 10 కిలోలకి వచ్చేది 3 మిల్లీవోల్టులు, అంటే గ్రాముకి 0.3 మైక్రోవోల్టు. పక్కనే 230 వోల్టుల మోటార్, దాని కార్బన్ బ్రష్‌ల దగ్గర చిటపటమనే నిప్పురవ్వలు. అంత గోలలో ఇంత చిన్న గొంతు వినాలి. హెచ్‌ఎక్స్711 ఆ పని చేయగలదు, దాని సొంత రొద 50 నానోవోల్టుల దగ్గర ఉంటుంది, కానీ మిగతా గోల తగ్గించాల్సింది మనమే.

పీట తయారీ

లోడ్ సెల్ ఒక కొస కింది పలకకి, రెండో కొస పై పలకకి బిగించాలి. రెండు పలకల మధ్య సెల్ మెట్టులా ఉంటుంది. రెండు కొసల దగ్గరా మూడు మిల్లీమీటర్ల వాషర్లు పెట్టండి, లేకపోతే కడ్డీ మధ్యభాగం పలకకి ఆనుకుని వంగడానికి చోటు ఉండదు. సెల్ కొసన చిన్న బాణం గుర్తు ఉంటుంది, బరువు ఎటు పడాలో అది చెబుతుంది. బాణం కిందికి చూడాలి. స్క్రూలు రెండు వైపులా ఒకే సైజు ఉండవు చాలాసార్లు, ఒకవైపు ఎం4, ఇంకోవైపు ఎం5, కొనేటప్పుడే చూసుకోండి. సెల్‌కీ పలకకీ మధ్య రబ్బరు పెట్టొద్దు, రబ్బరు నెమ్మదిగా నలుగుతుంది, దాంతో అంకె కూడా నెమ్మదిగా జారుతుంది. మిక్సీ కాళ్లకి ఉన్న రబ్బరు బుష్‌లు చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మనం మిక్సీ వాడేటప్పుడు మూత మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి పట్టుకుంటాం, అందరం అంతే. ఆ నొక్కుడు ఐదారు కిలోలకి తక్కువ ఉండదు, మిక్సీ బరువుతో కలిపితే 10 దాటేస్తుంది, అలా రోజూ దాటితే సెల్ శాశ్వతంగా వంగిపోతుంది. నా మొదటి సెల్ అలాగే పోయింది, నెల తిరిగేసరికి ఖాళీ పీట 140 గ్రాములు చూపించడం మొదలుపెట్టింది. దీనికి మందు నాలుగు మూలలా నాలుగు బోల్టులు. కింది పలకలో నట్లు దిగేసి, ఎం6 బోల్టులు పైకి వచ్చేలా పెట్టండి, వాటి తలకీ పై పలకకీ మధ్య సన్నని ఖాళీ ఉండాలి. ఎంత ఖాళీ అని కొలవక్కర్లేదు. పీట మధ్యలో ఒక బకెట్ పెట్టి, బకెట్‌తో కలిపి మొత్తం తొమ్మిది కిలోలు అయ్యేదాకా నీళ్లు పోయండి. అలా ఉండగానే నాలుగు బోల్టులూ పై పలకకి అప్పుడే తగిలీ తగలనట్టుగా తిప్పి లాక్ నట్ బిగించేయండి. ఇక తొమ్మిది కిలోలు దాటిన బరువంతా బోల్టుల మీద పడుతుంది, సెల్ భద్రంగా ఉంటుంది. మిక్సీ తిరిగేటప్పుడు కటకట శబ్దం వస్తే బోల్టు తల మీద పల్చటి రబ్బరు వాషర్ అతికించి మళ్లీ ఇదే బకెట్‌తో సర్దుకోండి.

ఆ ఖాళీయే ఒకసారి నన్ను అరపూట ఏడిపించింది. తూకం ఉన్నట్టుండి 30, 40 గ్రాములు తక్కువ చూపించసాగింది. వైర్లన్నీ మళ్లీ టంకం వేశాను, ప్రోగ్రామ్ అంతా తిరగేశాను. చివరికి పీట తలకిందులు చేసి టార్చ్ వేసి చూస్తే ఒక బోల్టు తలకీ పలకకీ మధ్య ఇడ్లీ రవ్వ పలుకు ఒకటి, తడికి ఉబ్బి అతుక్కుపోయి ఉంది. బరువులో కొంత దాని గుండా కిందికి పోతోంది. అప్పటినుంచి పై పలక చుట్టూ రెగ్జిన్ అంచు వేలాడేసి ఉంచాను, కింది పలకకి తగలకుండా, టేబుల్ క్లాత్ అంచులాగా. చీమలు, బొద్దింకలు దూరకుండా కూడా అది కొంత ఆపుతుంది.

మిక్సీ కరెంటు తీగ గురించి కూడా చెప్పాలి. అది మందంగా, బిరుసుగా ఉంటుంది, గోడకి ఆనుకుని ఉంటే మిక్సీని స్ప్రింగులా తోస్తుంది, దాంతో 10, 20 గ్రాముల తేడా వస్తుంది. తీగని వదులుగా ఒక చుట్టు వేసి గట్టు మీద పడుకోబెట్టండి. మిక్సీ వెనక గోడకి గానీ, పక్కన పోపుల డబ్బాకి గానీ తగలకూడదు. చేతిగుడ్డ పీట మీద సగం గట్టు మీద సగం పడి ఉన్నా తూకం తప్పుతుంది.

వైరింగ్

సెల్ నుంచి వచ్చే ఎరుపు, నలుపు వైర్లు కరెంటు ఇవ్వడానికి, ఆకుపచ్చ, తెలుపు కొలత తీసుకోవడానికి. చాలా సెల్స్‌కి ఇదే పద్ధతి. బరువు పెడితే అంకె తగ్గుతోందంటే ఆకుపచ్చ, తెలుపు తారుమారయ్యాయి, మార్చేయండి, అంతే. హెచ్‌ఎక్స్711 బోర్డుకి 3.3 వోల్టులే ఇవ్వండి. 5 ఇస్తే అది పంపే సిగ్నల్ కూడా 5 వోల్టులు అవుతుంది, ఈఎస్‌పీ32 కాళ్లు దాన్ని తట్టుకునేలా తయారైనవి కావు. సెల్ నుంచి బోర్డు దాకా వైరు వీలైనంత పొట్టిగా, మెలేసి ఉంచండి, మిక్సీ కరెంటు తీగకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. ఈఎస్‌పీ32 రేడియో పంపేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజీ కుంగి తూకం ఒణుకుతుంది, కాబట్టి హెచ్‌ఎక్స్711 పక్కనే ఒక 100 మైక్రోఫారడ్, ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. తెర, ఎంపీయూ6050 రెండూ ఒకే జత సిగ్నల్ వైర్ల మీద కలిసి నడుస్తాయి, వాటి అడ్రస్‌లు వేరు కాబట్టి గొడవ లేదు. బోర్డులన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పీట అంచున బిగించండి. స్టీల్ డబ్బా అందంగా ఉంటుంది కానీ బ్లూటూత్ బయటికి రాదు.

తెర, బటన్ ఎందుకు, ఫోన్ ఉందిగా అనుకుంటారేమో. పిండి చేతులతో ఫోన్ ముట్టుకోలేం, ముట్టుకున్నా తడి వేలికి తెర పలకదు. సున్నా చేసే బటన్ పీట మీదే, మోచేత్తో నొక్కగలిగేంత పెద్దది ఉండాలి. ఫోన్ ఇంట్లో లేకపోయినా పీట కాటాగా పనిచేయాలి.

అంకెని నమ్మదగ్గట్టు చేయడం

పీట మీద మిక్సీ పెట్టి పది నిమిషాలు వదిలేయండి. బరువు మీద పడ్డ కొత్తలో సెల్ నెమ్మదిగా సర్దుకుంటుంది, ఆ సమయంలో కొలత జారుతుంది. తర్వాత సున్నా అంకె రాసుకుని, ఒక కిలో రాయి పెట్టి వచ్చిన అంకె రాసుకోండి. తేడాని 1000తో భాగిస్తే గ్రాముకి ఎన్ని అంకెలో తెలుస్తుంది. రాయి అంటే నిజంగా తూనిక రాయే. మా వీధి కిరాణా షాపు ఆయన్ని అడిగి పది నిమిషాలకి తెచ్చుకున్నాను, ఇనుప రాయి, దాని గుంటలో పోసిన సీసం మీద తూనికలు కొలతల శాఖ ముద్ర. ఇంట్లో ఉన్న ఏ డబ్బా కన్నా అది నమ్మకం. అర కిలో, రెండు కిలోల రాళ్లు కూడా పెట్టి సరిచూడండి, తర్వాత కిలో రాయిని నాలుగు మూలలకీ మార్చి చూడండి. మూలకీ మూలకీ మూడు గ్రాములకన్నా ఎక్కువ తేడా వస్తే సెల్ స్క్రూలు సరిగా బిగుసుకోలేదేమో చూడండి. ఈ లెక్కంతా అయ్యాక దాన్ని ఈఎస్‌పీ32లో శాశ్వతంగా దాచండి, కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ రాళ్లు అడుక్కోలేం.

ప్రోగ్రామ్ రాసేవాళ్లకి ఒక హెచ్చరిక. హెచ్‌ఎక్స్711 నుంచి అంకె చదవడానికి గడియారపు కొట్టుళ్లు (క్లాక్ పల్స్‌లు) 25 ఇవ్వాలి, ఆ క్లాక్ వైరు 60 మైక్రోసెకన్లకి మించి పైన (హై) ఉండిపోతే చిప్ అది నిద్రపొమ్మన్న సైగ అనుకుని పడుకుంటుంది. ఫోన్ కనెక్ట్ కానంతసేపూ నా పీట అద్భుతంగా పనిచేసింది, కనెక్ట్ అయ్యాక మాత్రం అప్పుడప్పుడూ తెర మీద పిచ్చి అంకెలు. బ్లూటూత్ పని మధ్యలో దూరి చదవడాన్ని ఆపేస్తోంది, చిప్ పడుకుని లేస్తోంది. చదివే ఆ 25 కొట్టుళ్ల సేపూ మిగతా పనులు అడ్డురాకుండా ఇంటరప్ట్‌లు ఆపేస్తే సమస్య పోయింది.

సెకనుకి పది కొలతలు వస్తాయి, అవి చాలు. చివరి ఐదింటిని చిన్నా పెద్దా వరసలో పేర్చి మధ్యది తీసుకోండి, సగటు కన్నా ఇది మేలు, ఒక తప్పుడు అంకె మొత్తాన్ని చెడగొట్టదు. ఆ తర్వాత కొంచెం సగటు చేయొచ్చు, కానీ బరువు ఐదు గ్రాములకి మించి మారితే పాత సగటు పారేసి కొత్తగా మొదలుపెట్టాలి, లేదంటే నీళ్లు పోస్తుంటే అంకె వెనకబడి నడుస్తుంది, మనం ఎక్కువ పోసేస్తాం. వరసగా ఎనిమిది కొలతలు ఒక గ్రాము తేడాలో ఉంటే తూకం నిలకడగా ఉందని లెక్క, తెర మీద చిన్న చుక్క వెలిగించండి.

మోటార్ తిరుగుతోందో లేదో తెలుసుకోవడానికి మొదట్లో తూకం ఊగడాన్నే నమ్ముకున్నాను. కొబ్బరి పచ్చడికి అది పట్టుకుంది కానీ పల్చటి మజ్జిగని తక్కువ స్పీడ్‌లో తిప్పితే తూకం పెద్దగా ఊగలేదు, ఆగిందనుకుని ఏదో అంకె నమోదు చేసేసింది. ఎంపీయూ6050 అందుకే పెట్టాను. అదురు మొదలవ్వగానే తెర మీద అంకె తీసేసి గీతలు చూపించాలి, అదురు ఆగిన రెండు సెకన్ల తర్వాతే మళ్లీ తూకం. తిరుగుతున్నప్పుడు పాత అంకె అలాగే నిలబెడితే చూసేవాళ్లు అదే నిజమనుకుంటారు.

మూత సంగతి మర్చిపోవద్దు. నీళ్లు పోయడానికి మూత తీస్తాం, పోసి పెడతాం. మూత బరువు వంద గ్రాములు ఉందనుకోండి, తీసినప్పుడు వంద తగ్గుతుంది, పెట్టినప్పుడు పెరుగుతుంది, కొత్తవాళ్లు అది నీళ్లే అనుకుంటారు. అందుకని ఒకసారి మూతని, ఒక్కో ఖాళీ జార్‌నీ తూచి దాచిపెట్టాలి. సరిగ్గా మూత అంత బరువు ఒక్కసారిగా తగ్గితే మూత తీశారని, అంతే పెరిగితే పెట్టారని పీట గుర్తుపట్టాలి. జార్ మొత్తం ఎత్తేస్తే లెక్క ఆపి ఎదురుచూడాలి, సున్నా చేసేయకూడదు.

ఫోన్‌కి కలపడం

వైఫై అక్కర్లేదు, బ్లూటూత్ చాలు. వైఫై పెడితే రూటర్ పాస్‌వర్డ్ ఇవ్వాలి, ఇంట్లో 5 గిగాహెర్ట్జ్ పేరు ఒకటి, 2.4 పేరు ఒకటి ఉంటాయి, ఈఎస్‌పీ32కి 2.4 మాత్రమే తెలుసు, అమ్మానాన్నలకి అదంతా అనవసరపు టెన్షన్. బరువు వంటింట్లోంచి బయటికి పోవాల్సిన అవసరం కూడా లేదు.

బ్లూటూత్‌లో తూకానికి వెయిట్ స్కేల్ సర్వీస్ అని, బరువు పంపడానికి ప్రామాణికమైన పద్ధతి ఒకటి ఉంది. అది మనుషుల బరువు కోసం చేసింది, దానిలో మెట్టు 0.005 కిలో, అంటే 5 గ్రాములు. ఉప్పుకీ కారానికీ 5 గ్రాముల తేడా అంటే కూర పాడైనట్టే. కాబట్టి సొంత సర్వీస్ పెట్టుకోండి, అందులో గ్రాముల్లో పదో వంతుగా బరువు నాలుగు బైట్లు, స్థితి ఒక బైటు: నిలకడగా ఉందా, పోస్తున్నారా, తిరుగుతోందా, జార్ లేదా. సెకనుకి ఐదుసార్లు పంపితే కంటికి సాఫీగా ఉంటుంది. ముందు ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ అనే బ్లూటూత్ పరీక్షించే యాప్‌లో అంకెలు వస్తున్నాయో లేదో చూసుకుని అప్పుడు సొంత యాప్ మొదలుపెట్టండి. యాప్ రాయడం రానివాళ్లు ఆండ్రాయిడ్ క్రోమ్‌లో తెరుచుకునే వెబ్ పేజీతోనే పని కానివ్వొచ్చు, క్రోమ్ నేరుగా బ్లూటూత్‌తో మాట్లాడుతుంది. ఐఫోన్ సఫారీలో అది కుదరదు. పక్కనే మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తుంటే సిగ్నల్ తెగుతుంది, రెండూ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే. తెగితే మళ్లీ దానంతట అదే కలవాలి, అప్పటిదాకా పోసిన లెక్క పీటలో ఉండాలి, ఫోన్‌లో కాదు.

యాప్‌లో రంగులూ బొమ్మలూ తర్వాత చూసుకోవచ్చు, మూడు పనులు సరిగా చేస్తే చాలు. ఒకటి, పాళ్లు. 310 గ్రాముల మినప్పప్పు పోశారా, రవ్వ 620 అని అదే చెప్పాలి. వంటల్లో మనకి కావాల్సింది గ్రాములు కాదు, పాళ్లు. రెండు, మాట్లాడటం. ఆండ్రాయిడ్‌లో తెలుగు గొంతు ఉంది, "ఇంకా ముప్ఫై గ్రాములు" అని చెబితే ఫోన్ వైపు చూడక్కర్లేదు. మూడు, ఇంటి కొలతలు. మా అమ్మమ్మ వాడిన ఇత్తడి సోల మా ఇంట్లో ఇంకా ఉంది, వంటలన్నీ దాంతోనే చెబుతారు. దాని నిండా బియ్యం పోసి తూచి ఒక అంకె, మినప్పప్పు పోసి తూచి ఇంకో అంకె, ఇలా ఒక్కో దినుసుకీ ఒక్కసారి నమోదు చేస్తే సోలల్లో చెప్పిన వంట గ్రాముల్లోకి వచ్చేస్తుంది. ఒకే అంకె అన్నిటికీ వాడొద్దు, ఒకే సోలలో బియ్యం బరువు వేరు, ఎండుమిర్చి బరువు వేరు.

ఇంగువ, యాలకులు, పసుపు లాంటివి దీనితో తూచొద్దు. 10 కిలోల కాటా అర గ్రాముని నమ్మకంగా చెప్పలేదు, చెప్పినట్టు చూపించడం తప్పు. యాప్‌లో ఐదు గ్రాముల లోపు వాటికి చెంచా కొలతే రాయండి.

ఇది అమ్మాలని ఉంటే వేరే దారిలో వెళ్లాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఉన్న వస్తువుకి డబ్ల్యూపీసీ (టెలికాం శాఖలో రేడియో అనుమతులు చూసే విభాగం) నుంచి ఈటీఏ అనే ఆమోదం తీసుకోవాలి, మిక్సీలకి ఐఎస్ 4250, విద్యుత్ భద్రతకి ఐఎస్ 302 ప్రమాణాలు ఉన్నాయి. ముందే పరీక్షలైన రేడియో మాడ్యూల్ వాడితే ఆ పని కొంత తేలిక. ఇంట్లో వాడుకోవడానికి చేసుకుంటే ఇవేవీ అడ్డు కాదు, మిక్సీని విప్పనంతవరకూ.

మొదటి నాలుగు వారాలు చేయాల్సింది

ఇంట్లో బాగా రుబ్బేవాళ్ల చేత రుబ్బించండి, పీట కేవలం రాసుకోవాలి, ఏమీ చెప్పకూడదు. నేను తెనాలి తీసుకెళ్లి మా అమ్మ మిక్సీ కింద పెట్టాను. "ఇదేంట్రా, మిక్సీకి పీటేశావు" అంది, తర్వాత దాని సంగతి మర్చిపోయి ఎప్పటిలాగే రుబ్బింది. 250 గ్రాముల పప్పు, రెండు వాయిలు. నాలుగు వారాల లెక్క చూస్తే పోసిన నీళ్లు 165 నుంచి 215 గ్రాముల దాకా మారుతున్నాయి, ఒక వారానికీ ఇంకో వారానికీ పోలిక లేదు. నీళ్లకి ఒక అంకె పెట్టి యాప్‌లో రాసేద్దామనుకున్న నాకు ఏం చేయాలో తోచలేదు. రెండు వాయిలూ కలిపిన పిండి మొత్తం బరువు చూశాక అర్థమైంది, అది ప్రతిసారీ 720, 740 మధ్యలోనే ఉంది. పప్పు ఒకసారి ఎక్కువ నానుతుంది, ఒకసారి తక్కువ, నానేటప్పుడు తాగిన నీళ్లు తక్కువైతే రుబ్బేటప్పుడు ఎక్కువ పోస్తోంది. చివరికి పిండి ఎంత ఉండాలో అంతకే తీసుకొస్తోంది.

కాబట్టి నీళ్లకి లక్ష్యం పెట్టకండి, పిండి మొత్తానికి పెట్టండి. ఎండు పప్పు నానబెట్టే ముందే తూచి యాప్‌లో వేయాలి, మా ఇంటి లెక్కలో దానికి 2.9 రెట్లు పిండి. నానిన పప్పు జార్‌లో వేయగానే ఇంకా ఎన్ని నీళ్లు పట్టాలో పీటకి తెలిసిపోతుంది, కానీ ఒకేసారి చెప్పకుండా మొదట సగం పోయించి, తిప్పి ఆపిన ప్రతిసారీ మిగిలింది చెప్పేలా రాయండి. మీ పప్పు, మీ మిక్సీ వేరు, మీ అంకె 2.9 కాకపోవచ్చు, మీ ఇంట్లో రుబ్బేవాళ్ల నాలుగు వారాల లెక్క నుంచే అది తీసుకోండి.